ఎవరూ వినని సలహాకి 329 మంది: బ్రస్సెల్స్ పౌర సమాజ కమిటీని ఉంచాలా, ఎత్తేయాలా?

లెక్కల రాయుడు (చర్చ మొదలుపెట్టినవారు)

బ్రస్సెల్స్‌లో యూరోపియన్ యూనియన్‌కు సలహాలిచ్చే సంఘం, యూరోపియన్ ఎకనామిక్ అండ్ సోషల్ కమిటీ అని ఒకటుంది. 1957 నాటి రోమ్ ఒప్పందంతో పుట్టింది. సభ్యులు 329 మంది, గ్రూపులు మూడు. ఒకటి యాజమాన్యాలది, ఒకటి కార్మిక సంఘాలది. మూడోదాంట్లో రైతులు, వినియోగదారులు, పర్యావరణ సంస్థలు, అందరూ ఉంటారు. ఆర్థిక, సామాజిక, వాతావరణ విషయాల్లో చాలా చట్టాలకు ముందు వీళ్ళ అభిప్రాయం అడిగి తీరాలి. అడుగుతారు. వీళ్ళు చెబుతారు. అక్కడితో సరి. వినాలన్న రూలు ఒప్పందంలో లేదు. ఎందుకు వినలేదో చెప్పాలన్న రూలూ లేదు.

ఇంకా విచిత్రం, యూనియన్ ఇప్పటి ఒప్పందంలోని 304వ అధికరణ. అభిప్రాయం చెప్పడానికి, చట్టాలు ప్రతిపాదించే యూరోపియన్ కమిషన్ గడువు పెట్టొచ్చు, నెలకు తగ్గకుండా. ఆ గడువు దాటితే, అభిప్రాయం రాకపోయినా పని ఆపక్కర్లేదు. అంటే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. దీనికి ఏడాదికి 15 కోట్ల యూరోల పైనే ఖర్చు. సభ్యుల్ని ఎన్నుకునేది జనమా అంటే అదీ కాదు. ఆయా దేశాల ప్రభుత్వాలు పేర్లు పంపిస్తే మంత్రుల మండలి ఐదేళ్ళకు నియమిస్తుంది. ప్రభుత్వం ఏరి పంపినవాళ్ళు పౌర సమాజం ఎలా అవుతారు? జనం ఓటేసిన 720 మంది ఎంపీలు పక్కనే ఉన్నారు కదా. ఎత్తేయాలనే నా వాదన. కాదనేవాళ్ళు ఒక్క ఉదాహరణ చూపించండి.

కోనసీమ కుర్రాడు

శాసనమండలిని 1985లో ఎత్తేసి 2007లో మళ్ళీ తెచ్చుకున్నవాళ్ళం. ఎత్తేయడం గురించి మనకే చెప్తున్నారా సార్ 😀

రైన్ ఒడ్డున

రాయుడు గారూ, ఉదాహరణ అడిగారు కాబట్టి ఇస్తున్నాను. దక్షిణ కొరియా.

2011 నుంచి అమలైన యూరప్-కొరియా వాణిజ్య ఒప్పందంలో ఒక షరతుంది. కార్మిక హక్కులు, పర్యావరణం సంగతి చూడటానికి రెండు వైపులా పౌర సమాజ సలహా బృందాలు ఉండాలి. యూరప్ వైపు బృందాన్ని నడిపించే పని ఈ కమిటీదే. కొరియాలో యూనియన్ పెట్టుకునే హక్కు సరిగా లేదు, సంప్రదింపులు మొదలుపెట్టండని ఆ బృందం 2014లోనే కమిషన్‌కు రాసింది. కమిషన్ కదల్లేదు. వీళ్ళు వదల్లేదు. చివరికి 2018 డిసెంబరులో యూరప్ కొరియాను అధికారికంగా సంప్రదింపులకు పిలిచింది. తర్వాత నిపుణుల ప్యానెల్ వేశారు. 2021 జనవరిలో ఆ ప్యానెల్ కొరియా చట్టంలో తప్పులున్నాయని తేల్చింది. అదే ఏడాది కొరియా మూడు ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ఒడంబడికల్ని ఆమోదించింది. సుంకం వేయలేదు, జరిమానా లేదు. సలహా బృందం పట్టిన పట్టు లేకపోతే ఆ ఫైలు కదిలేదే కాదు.

లెక్కల రాయుడు

ఒప్పుకోవడానికి బాగానే ఉంది, కానీ ఒక ఉత్తరానికి దాదాపు ఐదేళ్ళు! అదీ వాణిజ్య ఒప్పందం కిందున్న బృందం, కమిటీ అసలు పని కాదు. కమిటీ అసలు పని చట్టాల మీద సలహా. దాని గురించి చెప్పండి.

రైన్ ఒడ్డున

చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. అభిప్రాయం ఎలా తయారవుతుందో చూస్తే దాని విలువ తెలుస్తుంది. కమిషన్ నుంచి చట్టం ముసాయిదా వస్తుంది. ఒక సభ్యుడికి రాసే బాధ్యత ఇస్తారు. ఆయన కార్మిక నాయకుడైతే చిన్న అధ్యయన బృందంలో యాజమాన్యాల వాళ్ళూ, మూడో గ్రూపు వాళ్ళూ కూర్చుంటారు. వాక్యం వాక్యం మీద పేచీ. తర్వాత విభాగంలో ఓటు, ఆపైన సర్వసభ్య సమావేశంలో ఓటు. ఓడిపోయిన సవరణకు కనీసం నాలుగో వంతు ఓట్లు వచ్చాయనుకోండి, అది కూడా పత్రం చివర జత చేసి ప్రచురిస్తారు. ఎవరు ఏం కాదన్నారో రికార్డులో ఉంటుందన్నమాట. బొగ్గు గని యూనియన్, ఫ్యాక్టరీ యజమాని, పర్యావరణ సంస్థ ఒకే పేపరు మీద సంతకం పెట్టేంత వరకు లాక్కురావడం పార్లమెంటులో జరగదు. అక్కడ మెజారిటీ ఉంటే చాలు.

నీళ్ళ సంగతి కూడా చూడండి. యూరప్‌కు బ్లూ డీల్, అంటే నీటి కోసమే ఒక విధానం కావాలని ఈ కమిటీ 2023 అక్టోబరులో పిలుపిచ్చింది. కమిషన్ నీటి వ్యూహం 2025 జూన్‌లో వచ్చింది. అంతా వీళ్ళ వల్లే అనను. మొదట గట్టిగా అడిగినవాళ్ళలో వీళ్ళున్నారు.

పచ్చ జెండా

రైన్ గారు జర్మనీలో ఉండి అసలైన ఉదాహరణ వదిలేశారు. బొగ్గు కమిషన్! 2018లో జర్మనీ ప్రభుత్వం వేసింది, ఓటు హక్కున్న సభ్యులు 28 మంది. కంపెనీలు, యూనియన్లు, గ్రీన్‌పీస్ లాంటి పర్యావరణ సంస్థలు, బొగ్గు గనులున్న లౌసిట్జ్ గ్రామాల వాళ్ళు, అందరూ. 2019 జనవరిలో తెల్లవార్లూ కూర్చుని 2038కల్లా బొగ్గు కరెంటు ఆపాలని తేల్చారు. 27 మంది సరే అన్నారు, ఒక్కరు కాదన్నారు. అదీ సలహానే, చట్టం కాదు. అయినా 2020లో చట్టమైంది.

ఎందుకైంది? బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోలు ఇస్తామన్న మాట ఆ సలహాలోనే ఉంది కాబట్టి. గని మూతపడే ఊళ్ళో మనిషికి 2050 కర్బన లక్ష్యం చెబితే వినడు, వినక్కర్లేదు కూడా. నీ కొడుక్కి ఇక్కడే పని దొరుకుతుందా లేదా, అది చెప్పాలి. 2018 నవంబరులో ఫ్రాన్స్‌లో డీజిల్ పన్ను మీద పసుపు జాకెట్ల జనం రోడ్డెక్కినప్పుడు ప్రభుత్వం ఆ మాటే చెప్పలేకపోయింది. గొడవయ్యాక 150 మంది మామూలు పౌరుల్ని లాటరీ తీసి కూర్చోబెట్టారు. వాళ్ళు 149 సిఫార్సులు ఇచ్చారు. వాటిని ఎంత పలచన చేశారో అందరికీ తెలుసు.

కాబట్టి సలహా సంఘం ఉండాలా వద్దా అన్నది కాదు నా ప్రశ్న. దాని మాట వెనక డబ్బు, గడువు ఉన్నాయా? బ్రస్సెల్స్ కమిటీకి ఆ రెండూ లేవు.

మన్యం కాఫీ

మీ చర్చలో నా కుర్చీ ఎక్కడుందో వెతుక్కుంటున్నాను. అరకు పక్కన మాది కాఫీ తోట. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండిన కాఫీ యూరప్‌లో అమ్మకూడదని 2023లో వాళ్ళు చట్టం చేశారు. ఏ పంట ఏ నేల చెక్కలో పండిందో మ్యాప్‌లో చూపించాలి. నాలుగు హెక్టార్ల లోపు తోటైతే ఒక్క పాయింటు చాలట, అంతవరకు నయం. కాఫీ బోర్డు వాళ్ళు యాప్‌లో ఎక్కించమంటున్నారు. తోట కొండ వాలు మీద, సిగ్నల్ కింద రోడ్డు దగ్గర.

అమలు ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశారు. ముందుగానే సిద్ధపడినవాళ్ళ ఖర్చు గాలికి పోయింది. అడవి కాపాడాలన్నదాన్ని మేమూ కాదనం, మా కాఫీ అడవి నీడ లేకపోతే రాదు. కానీ ఆ కమిటీలో 329 మందిలో ఒక్కరికైనా మా చెక్క సైజు తెలుసా?

రైన్ ఒడ్డున

మన్యం గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. 2001లో ఇండియా-యూరప్ పౌర సమాజ రౌండ్‌టేబుల్ ఒకటి పెట్టారు, యూరప్ వైపు ఈ కమిటీయే. అది నిలబడి ఉంటే ఇలాంటి మాట చెప్పుకోవడానికి చోటుండేది.

లెక్కల రాయుడు

సరే, ఎత్తేయమనడం కన్నా గట్టి మాట ఒకటి చెప్తాను. యూరప్‌లో పది లక్షల మంది సంతకాలు పెడితే కమిషన్ ఆరు నెలల్లో జవాబివ్వాలి. చేస్తాం, చేయం, ఎందుకు. నీటి హక్కు అర్జీ అలాగే వచ్చింది, 16 లక్షల పైచిలుకు సంతకాలు. ప్రభుత్వ సేవల్ని ప్రైవేటుకిచ్చే కాంట్రాక్టుల చట్టం నుంచి 2013లో నీటిని తీసేశారు, తాగునీటి చట్టం 2020లో మార్చారు. అదే రూలు కమిటీకీ పెట్టండి. కమిషన్ ఇప్పుడు మర్యాదకి పంపే స్పందన కాదు, ఒప్పందంలో రాసి ఉన్న బాధ్యత కావాలి. అది పెట్టే ధైర్యం లేకపోతే మూసేయండి.

పచ్చ జెండా

మాస్టారూ, జవాబిచ్చి ఎగ్గొట్టడం కూడా వాళ్ళకు వచ్చు. కోళ్ళు, పందుల్ని బోనుల్లో పెంచడం ఆపాలని 14 లక్షల మంది సంతకాలు పెట్టారు. 2023 చివరికి చట్టం ప్రతిపాదిస్తామని కమిషన్ 2021లో రాతపూర్వకంగా చెప్పింది. ఆ గడువు అలాగే దాటిపోయింది.

ఇక కంపెనీల పర్యావరణ బాధ్యతల చట్టాల్ని సడలించే ప్యాకేజీ చూడండి. 2025 ఫిబ్రవరిలో ప్రతిపాదన, ఏప్రిల్‌కే వాటి గడువులు వాయిదా. హడావుడిగా, సరైన సంప్రదింపులు లేకుండా తెచ్చారని యూరప్ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ తప్పుబట్టారు. తొందర ఉంటే ఎవర్నీ అడగరు. తొందర లేకపోతే అందర్నీ అడుగుతారు.

లెక్కల రాయుడు

అందుకే గడువు దాటితే పని ఆగాలంటున్నాను. 304లో ఆ ఒక్క వాక్యం తిరగరాయాలి.

రైన్ ఒడ్డున

అది మార్చాలంటే 27 దేశాలూ ఒప్పుకోవాలండీ. ఒక్క దేశం కాదంటే అయిపోయింది.

మన్యం కాఫీ

మీరు 27 దేశాల్ని ఒప్పించేలోగా నాకొక్కటి చెప్పండి. ఆ యాప్‌లో అటవీ హక్కు పట్టా నంబరు ఎక్కడ ఎక్కించాలి? తెలిసినవాళ్ళెవరైనా ఇన్‌బాక్స్‌కి రండి.