గోదావరి లోయ కథలో ప్లీసియోసార్ ఇముడుతుందా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
నేను రాస్తున్న సాహస నవలికలో, కాళేశ్వరం దగ్గర నీట మునిగిన గుహలో ఒక ప్లీసియోసార్ (పొడవాటి మెడ గల ప్రాచీన నీటి సరీసృపం) నేటికీ బతికి ఉన్నట్లు ఊహించాను. ప్రాణహిత-గోదావరి లోయలో రాక్షసబల్లుల శిలాజాలు దొరికాయి కనుక పాఠకులు దీన్ని నమ్ముతారా?

జవాబు (మంచిర్యాల నుంచి):
నమ్మించడం కష్టమండీ. ఈ లోయలో కోటాసారస్ అనే రాక్షసబల్లి ఎముకలు దొరికిన శిలలు ప్రధానంగా నదులు, సరస్సుల ఒండ్రుతో ఏర్పడినవి. ప్లీసియోసార్‌లు ఎక్కువగా సముద్రాల్లో తిరిగిన సరీసృపాలు, అసలు రాక్షసబల్లులే కావు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం అంతరించిన ఆ జీవులు ఊపిరితిత్తులతో గాలి పీల్చేవి కాబట్టి, మీ జంతువు తరచూ నీటిపైకి రాక తప్పదు. అలాంటప్పుడు మన జాలర్ల కంట పడకుండా ఎలా ఉంటుంది?

జవాబు (కరీంనగర్ నుంచి):
1864లో ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ తన నవలలో, భూగర్భ సముద్రంలో ఇక్తియోసార్‌కూ (చేపలాంటి ఆకారం గల ప్రాచీన సముద్ర సరీసృపం) ప్లీసియోసార్‌కూ పోరు పెడితే పాఠకులు ఆనందంగా చదివారు. అంతరించిందనుకున్న సీలకాంత్ చేప 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కింది కూడా. అయితే అది లోతు నీటిలో మొప్పలతో బతికే చేప అన్న తేడాను, మొహమాటం లేకుండా చెప్పాలంటే, చాలామంది రచయితలు దాటేస్తారు.

జవాబు (ఆసిఫాబాద్ నుంచి):
ప్లీసియోసార్‌ను వదిలి పారాసూకస్‌ను తీసుకోండి. మొసలిని పోలిన ఈ ట్రయాసిక్ (20 కోట్ల ఏళ్లకు పైబడిన నాటి యుగం) సరీసృపం శిలాజాలు మా జిల్లా వైపు మలేరి శిలల్లోనే దొరికాయి. దాని ముక్కు రంధ్రాలు మూతి చివరన కాక కళ్లకు దగ్గరగా ఉండేవి కనుక, తల కొద్దిగా పైకి తేలినా చాలు, అది గాలి పీల్చుకోగలదు.