ఎఫ్1 (సంకరంలో మొదటి తరం) మొక్కలు అచ్చం తల్లిలాగే వచ్చాయి, ఎక్కడ తప్పు చేశాను?

మొలక22: మొక్కల జన్యుశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. వరిలో మొదటిసారి క్రాసింగ్ (ఒక రకం పుప్పొడితో ఇంకో రకానికి గింజ కట్టించడం) చేశాను. తల్లి పొట్టి రకం, తండ్రి పొడుగు. 9 గింజలు మొలిస్తే 6 పొట్టిగానే ఉన్నాయి. ల్యాబ్‌లో ఒకటే నవ్వులు.

గింజలసంచి: ఆ ఆరూ సంకరం కాదండీ, సొంత పుప్పొడితో కట్టిన గింజలే. పొట్టితనం అంతర్గత లక్షణం (తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది) కాబట్టి అసలైన ఎఫ్1 పొడుగ్గా రావాలి. కేసరాలు ఎన్నింటికి తీశారు?

మొలక22: పొద్దున తొమ్మిదిన్నరకి.

గింజలసంచి: అదీ సంగతి! ఆ వేళకి పువ్వు విచ్చుకోబోతుంటుంది, పట్టకారు తగిలితే చాలు, పుప్పొడి రాలిపోతుంది. ముందురోజు సాయంత్రమే పొట్టు పైభాగం మూడోవంతు కత్తిరించి, ఆరు కేసరాలూ తీసేసి, కవర్ తొడగండి. ఒక్కటి పగిలినా ఆ పువ్వుని వదిలేయడమే. నాకు మొదటి సీజన్‌లో 60 పువ్వులకి 4 గింజలు దక్కాయి, ఏడుపొక్కటే తక్కువ.

జెల్‌గీత: ఎత్తు చూసి తేల్చకండి. లేత ఆకు నుంచి డీఎన్ఏ తీసి, తల్లిదండ్రుల మధ్య తేడా చూపే మార్కర్‌తో (డీఎన్ఏలో గుర్తులా పనికొచ్చే ముక్క) పీసీఆర్ చేసి, అంటే ఆ ముక్కకి బోలెడు కాపీలు తీసి, జెల్‌లో నడపండి. ఇద్దరి గీతలూ పడితే ఎఫ్1, తల్లిది ఒక్కటే పడితే సెల్ఫ్, అంటే సొంత పుప్పొడిదే. ముదురు ఆకు తీసుకుంటే ద్రావణం గోధుమరంగుకి తిరుగుతుంది, నా వారం శ్రమ అలాగే పోయింది.

పొలంగట్టు: మధ్యలో వస్తున్నా, నాది సేద్యం. హైబ్రిడ్ మొక్కజొన్న గింజలు దాచి మళ్లీ వేస్తే ఒక మొక్క నా భుజం దాకా, పక్కది మోకాలి దాకా. విత్తనం పాడైందా?

గింజలసంచి: పాడవలేదండీ. మీరు వేసింది ఎఫ్2, అంటే రెండో తరం. మొదటి తరంలో కలిసున్న లక్షణాలు అందులో విడిపోతాయి, హైబ్రిడ్‌కి ఉన్న అదనపు దిగుబడీ తగ్గుతుంది.

జెల్‌గీత: మొలక గారూ, ఎఫ్2కి వెళ్లాక పొడుగు, పొట్టి 3:1గా రావాలి, 16 మొక్కల్లో 11:5 వచ్చిందని కంగారుపడొద్దు. కై-స్క్వేర్ (అనుకున్న లెక్కకీ వచ్చిన లెక్కకీ తేడా కొలిచే అంకె) 0.33 వస్తుంది, 3.84 దాటితేనే 3:1ని అనుమానించాలి. ఒక్క అంతర్గత మొక్కైనా దొరికే అవకాశం 95 శాతం ఉండాలంటే 11 మొక్కలు చాలు. ఒకే మొక్కలో రెండు జన్యువులూ అంతర్గతంగా కావాలంటే 47 పెంచాలి.

వరదవరి: ఇదంతా దేనికి అనిపిస్తే సబ్1 (వరికి మునకని తట్టుకునే గుణమిచ్చే డీఎన్ఏ భాగం) కథ చదవండి. ఎఫ్ఆర్13ఏ అనే పాత వరి మునిగినా బతికేది, దిగుబడి మాత్రం అంతంతే. నీళ్లలో ఉన్నంతసేపూ సాగకుండా శక్తి దాచుకోవడం దాని గుట్టు. ఆ సబ్1ఏ జన్యువున్న ముక్కని మార్కర్ల సాయంతో, బ్యాక్‌క్రాస్‌లతో (సంకరాన్ని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలపడం) స్వర్ణ వరిలోకి తెచ్చారు. 2009లో విడుదలైన స్వర్ణ-సబ్1 సుమారు రెండు వారాల మునకని తట్టుకుంటుంది. మార్కర్ లేకపోతే ప్రతి తరాన్నీ ముంచి చూడాల్సిందే!

మొలక22: పొడుగ్గా ఉన్న మూడింటికీ ట్యాగులు కట్టాను. లేత ఆకులు రేపు పొద్దున కోస్తాను. ఆ ఆరింటినీ పీకేయనా?

జెల్‌గీత: అప్పుడే వద్దు. జెల్‌లో వాటినీ పక్కనే నడపండి.