పాత ఫోన్‌కి కస్టమ్ రోమ్ ఎక్కించాలా, ఉన్నదాన్నే సర్దుకోవాలా?

నత్తనడక

నాది 2018లో కొన్న ఫోన్. 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ. ఆండ్రాయిడ్ 9 దగ్గర ఆగిపోయింది, కంపెనీ అప్‌డేట్లు మానేసి చాలా కాలమైంది. స్క్రీన్ మీద గీత లేదు, స్పీకర్ బాగుంది, హెడ్‌ఫోన్ జాక్ ఉంది (దీన్ని వదలకపోవడానికి నాకు ఇదొక్కటి చాలు). కానీ కీబోర్డు పైకొచ్చేలోపు ఏం రాద్దామనుకున్నానో మర్చిపోతున్నా. ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఎత్తేశాక గానీ నా స్క్రీన్ మీద పేరు కనపడదు.

ఒక స్నేహితుడు కస్టమ్ రోమ్ (కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ బదులు బయటివాళ్లు చేసినది) వేసేయమంటాడు. ఇంకొకడు ముట్టుకున్నావో చచ్చావంటాడు. నాకున్నది ఇదొక్కటే ఫోన్, బ్యాంకు యాప్ కూడా ఇందులోనే ఉంది. వేయాలా వద్దా? కారణాలు కూడా చెప్పండి.

రోమ్‌రాయుడు

ఇందులో ఆలోచించడానికేముంది గురూ, వేసేయడమే. మీ ఫోన్ నెమ్మదించడానికి సగం కారణం కంపెనీవాళ్లు ఆండ్రాయిడ్ మీద కప్పిన దుప్పట్లే. వాళ్ల యాప్ స్టోరు, వాళ్ల థీములు, వాళ్ల క్లౌడు, ప్రకటనల సర్వీసు, అన్నీ వెనకాల మేలుకునే ఉంటాయి. లీనేజ్ ఓఎస్ లాంటి కస్టమ్ రోమ్ వేస్తే అవేవీ ఉండవు. 3 జీబీ ర్యామ్ దానికి సరిపోతుంది.

మీ ఫోన్ ఆండ్రాయిడ్ 8తోనో ఆ తర్వాతి వెర్షన్‌తోనో బయటికొచ్చి ఉంటే ఇంకో లాభం ఉంది. 2017లో ఆండ్రాయిడ్ 8తో గూగుల్ ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చింది. చిప్ తయారీదారు ఇచ్చే డ్రైవర్ల భాగాన్నీ పైనుండే ఆండ్రాయిడ్‌నీ విడదీసింది. కింది భాగాన్ని కదపకుండా పైది మార్చుకోవచ్చన్నమాట. అందుకే ఆ కాలం ఫోన్లకి రోమ్‌లు చేయడం ముందుకన్నా తేలికైంది. నా 2016 ఫోన్ ఇప్పటికీ లీనేజ్ మీదే నడుస్తోంది.

తాళంచెవి

"ఇదొక్కటే ఫోన్, బ్యాంకు యాప్ ఇందులోనే" అన్న ముక్క చదివే రాశారా రాయుడు గారూ?

రోమ్ వేయాలంటే ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ని లేపే ప్రోగ్రాం) అన్‌లాక్ చేయాలి. చేసిన క్షణం ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. అది లోపం కాదు, దొంగ చేతికి ఫోన్ చిక్కితే డేటా దక్కకూడదని కావాలనే పెట్టిన ఏర్పాటు. ఆ తర్వాత ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ అసలుదో కాదో సరిచూసే కాపలా పోతుంది. ఆ సంగతి బ్యాంకు యాప్‌కి ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ తనిఖీ ద్వారా తెలిసిపోతుంది. కొన్ని యాప్‌లు పట్టించుకోవు, కొన్ని తెరుచుకోనే తెరుచుకోవు. మీ బ్యాంకుది ఏ రకమో వేశాక గానీ తెలియదు.

సినిమాల యాప్‌ల సంగతీ అంతే. కొన్ని ఫోన్లలో అన్‌లాక్ చేయగానే వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా చూసే రక్షణ) ఎల్1 స్థాయి పోయి ఎల్3కి పడుతుంది, ఇక వీడియో మసకగానే వస్తుంది. శామ్‌సంగ్ ఫోన్లలో నాక్స్ అని ఒక ఫ్యూజు ఉంటుంది. వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే అది కాలిపోయినట్టే. మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ వేసుకున్నా అది తిరిగి రాదు, సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచేయదు.

రోమ్‌రాయుడు

బ్యాంకు యాప్‌లకి మార్గాలున్నాయి. మ్యాజిస్క్ అనే టూల్‌తో రూట్ చేసి (సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకుని), ఆ సంగతి దాచే మాడ్యూల్ వేస్తే కనిపెట్టలేవు.

పాతసీసా

ఈ నెల కనిపెట్టలేవు. వచ్చే నెల కనిపెడతాయి. మళ్లీ కొత్త మాడ్యూల్ కోసం వెతుకులాట. నేను ఈ ఎలుకా పిల్లీ ఆట ప్లే ఇంటెగ్రిటీకి ముందున్న సేఫ్టీనెట్ రోజుల నుంచి ఆడి విసిగిపోయినవాణ్ణి. డబ్బు కట్టాల్సిన చోట నిలబడి, వెనక లైన్లో జనం చూస్తుండగా, నిన్నటిదాకా పనిచేసిన యాప్ "ఈ పరికరం సురక్షితం కాదు" అంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

రోమ్‌లంటే నాకేం పగ లేదు. సయనోజెన్‌మాడ్ అనే రోమ్ మొదలైన కొత్తలో వారానికో బిల్డ్ (రోమ్ తాజా కూర్పు) ఫ్లాష్ చేసేవాణ్ణి, అంటే ఫోన్‌లోకి ఎక్కించేవాణ్ణి. 2016 డిసెంబరులో దాన్ని ఆపేశారు, దాని బూడిదలోంచి పుట్టిందే లీనేజ్. కానీ అప్పుడు రోమ్ ఎందుకు వేసేవాళ్లం? యాప్‌కి ఏ అనుమతి ఇవ్వాలో మనం తేల్చుకోవడానికి, స్క్రీన్ వీడియో తీయడానికి, డార్క్ థీముకి. ఇప్పుడవన్నీ మామూలు ఆండ్రాయిడ్‌లోనే ఉన్నాయి. మిగిలింది ఒక్కటే కారణం, సెక్యూరిటీ అప్‌డేట్లు. వాదించుకుంటే దాని మీద వాదించుకోండి.

రోమ్‌రాయుడు

సరే, దాని మీదే మాట్లాడదాం. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక ఎంఎంఎస్ పంపి ఫోన్‌లోకి దూరిపోయే వీలుండేది. ఆ దెబ్బకే గూగుల్ ఆ ఏడాది ఆగస్టు నుంచి నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలెట్టింది. నత్తనడక గారి ఫోన్‌కి అవి ఆగిపోయాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి ప్రాజెక్ట్ మెయిన్‌లైన్ ఉంది కాబట్టి వ్యవస్థలోని కొన్ని భాగాలు ప్లే స్టోర్ ద్వారానే అప్‌డేట్ అవుతాయి. ఈయనది 9. ఒక్క వెర్షన్ తేడాతో అదీ దక్కలేదు.

ఇంకా అసలుది చెప్పలేదు. ఆండ్రాయిడ్ 8, 9లకి క్రోమ్ 138తోనే ఆఖరు. 139 నుంచి ఆండ్రాయిడ్ 10 ఉండాలి. ఆండ్రాయిడ్ 9లో వెబ్‌వ్యూ పనిచేసేది కూడా క్రోమ్‌లోంచే. అంటే బ్రౌజర్ ఒక్కటే కాదు, వేరే యాప్‌ల లోపల తెరుచుకునే వెబ్ పేజీలన్నీ ఆ పాత ఇంజిన్ మీదే. తాళంచెవి గారు కాపలా పోతుందని భయపెడుతున్నారు. అసలు గోడే లేని ఇంటికి గుమ్మంలో కాపలా దేనికండీ?

తాళంచెవి

క్రోమ్ మాట నిజమే. అది నేను లెక్కలోకి తీసుకోలేదు, ఒప్పుకుంటున్నా.

కానీ రోమ్ వేస్తే గోడ మొత్తం వస్తుందని మీరు అంటున్నారు చూడండి, అది సగం నిజం. రోమ్ కొత్తగా చేసేది ఆండ్రాయిడ్ భాగాన్ని. మోడెమ్ ఫర్మ్‌వేరు, గ్రాఫిక్స్ డ్రైవరు, ఇలాంటివి చిప్ కంపెనీ మూసిపెట్టి ఇచ్చినవి, వాటి సోర్స్ రోమ్ చేసేవాళ్ల దగ్గర ఉండదు. అవి మీ కంపెనీ చివరి అప్‌డేట్ రోజునాటివే. లీనేజ్ ఇది దాచదు కూడా. సెట్టింగ్స్‌లో ట్రస్ట్ అనే చోట ప్లాట్‌ఫామ్ ప్యాచ్ తేదీ, వెండర్ ప్యాచ్ తేదీ వేరువేరుగా చూపిస్తుంది. మొదటిది మొన్నటిది, రెండోది ఏళ్ల నాటిది.

ఇక బిల్డ్ ఎవరిదన్నది ఇంకో గొడవ. లీనేజ్ అధికారికంగా ఇచ్చేది వేరు. ఎవరో తెలియనివాళ్లు తమ కంప్యూటర్లో కట్టి ఫైల్ షేరింగ్ సైట్లో పెట్టింది వేరు. అలాంటివాటిలో కొన్నిటికి టెస్ట్ కీలతో సంతకం చేసి వదిలేస్తారు. ఆ కీలు ఆండ్రాయిడ్ సోర్స్‌తో పాటు లోకమంతటికీ దొరికేవే. వాటితో సంతకం చేసిన యాప్ ఎవరు చేసినా మీ ఫోన్ దాన్ని సొంతింటి మనిషి అనుకుంటుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే.

రోమ్‌రాయుడు

అనధికార బిల్డ్‌లన్నిటినీ ఒకే గాటన కట్టకండి. చాలామంది తమ సొంత కీలతోనే చేస్తారు. సోర్స్ బయట పెడతారు. వాళ్లు ఊరికే చేసిపెట్టేదాన్ని ఇంత తేలిగ్గా తీసిపారేయడం బాగాలేదు.

సోల్డరింగ్‌ఐరన్

మీ ఇద్దరి సెక్యూరిటీ తగాదా బాగుంది గానీ, ఆయన అడిగింది నెమ్మదితనం గురించి. నేను ఫోన్లు విప్పే పనిలో ఉన్నవాణ్ణి, నా మాట వినండి.

రోమ్ వేశాక ఫోన్ పరిగెడుతోందని చెప్పేవాళ్లలో ఎక్కువమంది పోల్చేది దేనితో? ఏళ్ల తరబడి చెత్త పేరుకుని, స్టోరేజీ అంచుల దాకా నిండిన పాత స్థితితో. రోమ్ వేసేటప్పుడు అంతా తుడిచేశారు కదా. ఆ తుడవడమే సగం వేగం తెచ్చింది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌నే ఫ్యాక్టరీ రీసెట్ చేసి పోల్చారా ఎప్పుడైనా? నాకు ఆ పోలిక చేసినవాళ్లు తగిలింది తక్కువ.

32 జీబీలో ఎంత ఖాళీ ఉంది మీకు? ఆ తరగతి ఫోన్లలో ఎక్కువగా ఈఎంఎంసీ స్టోరేజీ ఉంటుంది. అది నిండేకొద్దీ రాయడం నెమ్మదిస్తుంది. ఎందుకంటే ఫ్లాష్ మెమరీలో ఉన్నచోటే మార్చి రాయడం కుదరదు, ముందొక బ్లాకు చెరిపి ఖాళీ చేసుకోవాలి. ఖాళీ లేకపోతే ఈ సర్దుబాటంతా మీరు కీబోర్డు తెరిచే సమయానికే జరుగుతుంది. ఐదు, ఆరు జీబీలు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. ఫోటోలు బయటికి తీయండి.

రెండోది బ్యాటరీ. పాతబడ్డ లిథియం అయాన్ బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది. ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి పడిపోతుంది, ఫోన్ ఆగిపోతుంది. యాపిల్ 2017లో పాత ఐఫోన్లకి ప్రాసెసర్ వేగం తగ్గించే అప్‌డేట్ ఇచ్చింది ఇందుకే. ఆ డిసెంబరులో ఆ సంగతి ఒప్పుకోవాల్సి వచ్చింది, బ్యాటరీ మారిస్తే వేగం తిరిగొచ్చేది. ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ అలా చేస్తాయని నేననను. కానీ 20 శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోతుంటే రోమ్ ఏం చేస్తుంది? వెనక మూత కాస్త లేచినట్టు కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందన్నమాట. ఛార్జింగ్ ఆపేసి ముందు అది తీయించండి.

మూలకూర్చున్నా

యానిమేషన్ స్కేల్ తగ్గించమని ఎవరూ చెప్పలేదేంటి? బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో మూడు స్కేళ్లనీ సగానికి, అంటే 0.5కి పెట్టండి.

పాతసీసా

దానివల్ల ఫోన్ వేగం పెరగదు, ఆలస్యం కంటికి ఆనదంతే. అయినా చేయండి, నేనూ చేస్తా.

మూలకూర్చున్నా

కంపెనీ యాప్‌లు తీసేయడానికి రూట్ కూడా అక్కర్లేదు. కంప్యూటర్‌కి కేబుల్‌తో కలిపి ఏడీబీ అనే టూల్‌లో అన్‌ఇన్‌స్టాల్ కమాండ్ ఇస్తే "యూజర్ 0" (అంటే మీ) వరకు పోతాయి. నిజానికి సిస్టమ్ విభాగంలో ఉండనే ఉంటాయి, కాబట్టి ఆ చోటు ఖాళీ కాదు. కానీ వెనకాల నడవడం మానేస్తాయి, వాటి డేటా, అప్‌డేట్లు ఆక్రమించిన చోటు తిరిగొస్తుంది. పొరపాటున పనికొచ్చేది తీసేసినా వెనక్కి తెచ్చుకోవచ్చు, ఫ్యాక్టరీ రీసెట్‌తో అన్నీ వచ్చేస్తాయి. పేరు చూసి అర్థం కానిదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. సిస్టమ్‌కి ప్రాణమైనది తీస్తే ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

రాయుడు గారు చెప్పిన దుప్పట్లలో సగం ఇలాగే తీసేయొచ్చు. అన్‌లాక్ అక్కర్లేదు, బ్యాంకు యాప్ అలగదు.

కాలిన‌చెయ్యి

ఈ చర్చ మూడేళ్ల క్రితం చదివుంటే బాగుండేది. నేను వీడియో చూస్తూ ఫ్లాష్ చేశాను. రోమ్ చక్కగా లేచింది. సిమ్ పట్టలేదు. చూస్తే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) ఖాళీ. ఈఎఫ్ఎస్ అనే విభాగంలో అది ఉంటుందని, ముందు దాన్ని బ్యాకప్ తీసుకోవాలని వీడియోలో ఆయన చెప్పలేదు. ఆయన చెప్పినా నేను దాటేసి చూసుంటానేమో, అది వేరే విషయం. ఇప్పుడది వైఫై మీద పాటలు వినడానికి.

ఇంకోటి. వోల్టీఈ (4జీ మీద కాల్స్) ఆ రోమ్‌లో పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి. మీ నెట్‌వర్క్ పాత 2జీ, 3జీలు మూసేసి ఉంటే, వోల్టీఈ లేని ఫోన్‌లో ఇంటర్నెట్ వస్తుంది గానీ కాల్ రాదు.

రోమ్‌రాయుడు

కెమెరా సంగతి నేనే చెప్పేస్తా, లేకపోతే ఎవరో ఒకరు ఎత్తుతారు. అవును, కంపెనీ కెమెరా యాప్ పోతుంది, ఫోటోల నాణ్యత కొన్ని ఫోన్లలో తగ్గుతుంది. జీక్యామ్ పోర్ట్‌తో (గూగుల్ కెమెరా యాప్‌ని వేరే ఫోన్లకి మార్చినది) కొంత సర్దుకోవచ్చు, అన్ని ఫోన్లకీ కుదరదు.

నత్తనడక గారూ, ఇంత వాదించాక మీ మోడల్ ఏదో అడగలేదు నేను. లీనేజ్ వికీలో మీ ఫోన్ పేరు ఉందా చూడండి. పేరొకటే అయినా లోపలి మోడల్ నంబర్లు వేరుంటాయి, అక్షరం తేడా లేకుండా సరిపోవాలి.

నత్తనడక

నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. ఈలోపు ఏం చేశానంటే, ఫోటోలు, వీడియోలు బయటికి తీశా. తీయకముందు 32లో ఖాళీ ఉన్నది 600 ఎంబీ! సోల్డరింగ్ గారూ, మీరు అడిగినప్పుడు సిగ్గేసి చెప్పలేదు. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్, ఏడీబీతో కంపెనీ యాప్‌లు 14 తీసేశా, యానిమేషన్ సగానికి పెట్టా. బ్యాటరీ కూడా మార్పించా. కీబోర్డు ఇప్పుడు తట్టగానే వస్తోంది. కొత్త ఫోన్ అయిపోలేదు, మ్యాప్ తెరిస్తే ఇంకా ఆయాసపడుతుంది.

క్రోమ్ నిజంగానే 138 దగ్గర ఉంది. ఆ ముక్క చదివాక దాన్ని తెరవాలంటే చెయ్యి రావట్లేదు.

రాయుడు గారూ, నా మోడల్ వికీలో లేదు. వెతికితే ఒకే ఒక్క అనధికార బిల్డ్ దొరికింది, రెండేళ్ల క్రితంది. కింద వ్యాఖ్యల్లో "వోల్టీఈ పనిచేయట్లేదు" అని వరసగా ఉంది.

తాళంచెవి

బ్రౌజింగ్‌కి ఫైర్‌ఫాక్స్ వాడండి. దాని ఇంజిన్ గెకో, క్రోమ్‌తో సంబంధం లేదు. సర్టిఫికెట్ల జాబితా కూడా సొంతదే. నా ఆండ్రాయిడ్ 9 ట్యాబ్లెట్‌లో ఇంకా అప్‌డేట్లు వస్తున్నాయి. యాప్‌ల లోపలి వెబ్‌వ్యూకి మాత్రం మందు లేదు, కాబట్టి చాటింగ్‌లో వచ్చిన లింకులు అక్కడే తెరవకుండా ఫైర్‌ఫాక్స్‌లోకి తెచ్చుకోండి. బ్యాంకు పని వేరే ఫోన్‌కి మార్చుకునే ఆలోచన ఇప్పటి నుంచే చేయండి.

రోమ్‌రాయుడు

రెండేళ్ల నాటి అనధికార బిల్డా, అదీ వోల్టీఈ లేకుండానా? వద్దు. నేనే చెబుతున్నా, వద్దు.

కాలినచెయ్యి గారూ, ఆ ఐఎంఈఐ పోయిన ఫోన్ మోడల్ ఏంటి?