"ఆరంభించి పరిత్యజింతు..." తర్వాత రెండక్షరాలు

పద్యప్రియ: సైనికాధికారుల స్వభావం వాళ్ల నిర్ణయాలని ఎలా నడుపుతుందో వ్యాసం రాస్తున్నాను. ఏనుగు లక్ష్మణకవి "ఆరంభింపరు నీచమానవులు" పద్యంతో మొదలుపెడదామంటే రెండో పాదం తడబడుతోంది. "పరిత్యజింతు రురు విఘ్నాయత్తులై" అనా, "రట విఘ్నాయత్తులై" అనా? ఆయత్తులంటే సిద్ధపడ్డవాళ్లు కదా, మరి మధ్యలో వదలడమేమిటి?

తిరుమలగిరి: "రురు"యే. త్యజింతురు + ఉరు. "రట" కూడా శార్దూలానికి సరిపోతుంది, అందుకే నోరు జారుతుంది. ఆయత్తులు ఇక్కడ లోబడినవాళ్లు; స్వాయత్తం, పరాయత్తంలో ఉన్న మాటే. మూలమైన భర్తృహరి సంస్కృత శ్లోకంలో "విఘ్నవిహతాః".

సైనిక్‌పురి: ఆ "ఉరు" మూలంలో లేదండీ. పెద్ద విఘ్నాలకే ఆగుతారని మధ్యములకి కవి ఇచ్చిన మినహాయింపు.

తిరుమలగిరి: మినహాయింపు కాదు, రెండు లఘువుల అవసరం.

గోల్కొండ: పద్యప్రియ గారూ, పద్యంలోని మూడు రకాల మనుషుల్ని, అంటే మొదలే పెట్టని నీచుల్ని, మధ్యలో వదిలే మధ్యముల్ని, వదలని ధీరుల్ని, మూడు రకాల అధికారులుగా అతికించకండి. స్వభావాన్ని నాలుగక్షరాల్లో చెప్పే మైయర్స్-బ్రిగ్స్ లెక్కలో చివరి అక్షరం జె అయితే త్వరగా తేల్చెయ్యాలనిపిస్తుంది, పి అయితే ఇంకో కబురు వచ్చేదాకా ఆగాలనిపిస్తుంది. అది మొగ్గు చెప్పే పరీక్ష, సామర్థ్యం కొలిచేది కాదు. అమెరికా సైన్యం నిర్ణయాలు తీసుకునే ఏడంచెల పద్ధతి చూడండి. ఉన్న సమయంలో మూడో వంతే పైవాళ్లది: 24 గంటలుంటే 8. జె మొదటి పథకం మీదే మనసు పడితే పోల్చడానికి రాసే మిగతా పథకాలు ఓడిపోవడానికే రాసినట్టుంటాయి, పోల్చి చూసే అంచె వృథా. పి ఆ 8 గంటలూ దాటిస్తే కింది కంపెనీలకి దారి చూసుకునే వెలుతురు మిగలదు. ఇద్దరూ ధీరులే కావచ్చు.

జటప్రోలు: ఇదే శ్లోకానికి ఎలకూచి బాలసరస్వతి తెనుగు కూడా పక్కన పెట్టి చదవండి. "సురభిమల్లా! నీతివాచస్పతీ!" మకుటం నాలుగో పాదంలో సగానికి పైగా తీసుకుంటుంది. ఆ ఇరుకులోనూ ఆయన బిగువు చూడాలి.

తిరుమలగిరి: మకుటం లేదు కాబట్టే లక్ష్మణకవికి "ప్రజ్ఞానిధుల్ గావునన్" అనే చోటు దొరికింది.

జటప్రోలు: ఆ "గావునన్" పాదపూరణమే.

సైనిక్‌పురి: ఒప్పుకోను. ఆ మాట కారణం చెబుతోంది. మూలంలో ఉత్తములు వదలరు, అంతే. ఇక్కడ ప్రజ్ఞ ఉంది గనక వదలరు. మూడో పాదంలో ధృతి, నాలుగో పాదంలో ప్రజ్ఞ, రెండూ వేరు. సైనికాధికారుల్ని ఎంపిక చేసే మన ఎస్.ఎస్.బి. చూసే 15 గుణాల్లోనూ దృఢసంకల్పం, నిర్ణయవేగం, తెలివి విడివిడిగానే ఉంటాయి. 30 నిమిషాల్లో 60 సందర్భాలకి జవాబు రాయించేది ఆలోచించి అందంగా రాసే వీలు లేకుండా చెయ్యడానికే.

గోల్కొండ: అయితే "ప్రారబ్ధార్థములు"లో "అర్థ" కూడా చూడండి. మూలంలో ఒట్టి "ప్రారబ్ధమ్". వదలకూడనిది అర్థం, అంటే లక్ష్యం. పథకం మార్చుకోవచ్చు. యుద్ధసూత్రాల్లో మొదటిది లక్ష్యాన్ని ఎంచుకుని నిలుపుకోవడమే కదా.

జటప్రోలు: అర్థమంటే అక్కడ "పని" అనే.

పద్యప్రియ: "రురు" ఖాయం చేసుకున్నాను. "ఉరు" మినహాయింపా, పూరణమా?

తిరుమలగిరి: పూరణం.

సైనిక్‌పురి: మినహాయింపు.