ఏడేళ్ల టేకు తోట: సగం చెట్లు తీసెయ్యాలా, వద్దా?

మెట్టచేను: ఎకరంలో రెండు మీటర్ల ఎడంతో వెయ్యి టేకు చెట్లు, వయసు ఏడేళ్లు. కొమ్మలు ఒకదాంట్లోకొకటి దూరిపోయి కింద గడ్డి కూడా మొలవట్లేదు. సగం తీసెయ్యమని కొందరు, పెంచిన చెట్టు నరుక్కోవడమేంటని కొందరు. మీరేమంటారు?

చేవచెక్క: తీయాల్సిందే. ఎడం దొరికితేనే మిగిలినవి లావెక్కుతాయి, లావులోనే ఉంది లాభం. అన్నీ అడుగుల్లో వేసుకుని, చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తే దుంగ కొలత వస్తుంది. 24 అంగుళాల చుట్టు, పదడుగుల దుంగ రెండున్నర ఘనపుటడుగులు. 36 అంగుళాలదైతే 5.6. బెరడు కిందుండే మెత్తటి తెల్లచెక్క చుట్టూతా అంగుళంన్నర పోయిందనుకోండి, చిన్నదాంట్లో లోపలి గట్టి చెక్క, అంటే చేవ, ఒక్క ఘనపుటడుగూ మిగలదు, పెద్దదాంట్లో మూడు. టేకుకు ధర పలికేది చేవకేగా!

తూర్పుగాలి: లెక్క సరే, గాలి మాటేమిటి? ఇరుకులో సన్నగా సాగిన చెట్లకు ఒక్కసారిగా ఆసరా తీసేస్తే తుఫానుకు వంగిపోతాయి. పైగా ఎండ తగిలి మాను పొడవునా చిగుళ్లు పుడతాయి. అవి కొమ్మలైతే చెక్కనిండా ముడులే. కోస్తాలో అయితే ఈ ఏడు పావు వంతు, రెండేళ్లాగి ఇంకో పావు.

చేవచెక్క: రెండు విడతలంటే ఒప్పుకుంటా. మూడేళ్లు దాటనివ్వొద్దు.

పాతగొడ్డలి: ఎన్ని అన్నది కాదు, ఏవి అన్నదే అసలు గొడవ. ఐమూలగా వరస విడిచి వరస తీస్తే ఎడం 2.8 మీటర్లవుతుంది, పని సులువు, కానీ మంచి మాన్లూ పోతాయి. ఏడో ఏట ఏది గిడసబారిందో కంటికే తెలుస్తుంది. ఆకుండగానే తోటంతా తిరిగి, తల మీద ఎండ పడనివి, వంకరవి, పంగ చీలినవి చూసి సున్నం గుర్తు పెట్టండి. రెండు గుర్తులు పక్కపక్కన పడనివ్వొద్దు. బేరగాడు లావువి తనకిచ్చి బక్కవి ఉంచుకోమంటాడు, అక్కడే తోట నాశనమయ్యేది.

కొలబద్ద: పట్టా భూమైనా నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, కర్ర తరలించడానికి వేరే పర్మిట్ కావాలి. గుర్తులు పెట్టి, చెట్లు లెక్కేసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

మెట్టచేను: మోళ్లు మళ్లీ చిగురిస్తాయా?

పాతగొడ్డలి: టేకు మోడు ఊరుకుంటుందా! తొలకరికి గుబురుగా లేస్తుంది, వదిలేస్తే మిగిలిన చెట్ల నీళ్లన్నీ అదే తాగుతుంది. లేతగా ఉన్నప్పుడే చేత్తో కిందికి లాగితే మొదలంటా ఊడొస్తాయి. ముదిరాక కత్తితో కోస్తే ఒకటికి నాలుగు.

తూర్పుగాలి: గాలి కొట్టే వైపు బయటి రెండు వరసలు మాత్రం మొదటి విడతలో ముట్టుకోకండి, వంకరవైనా సరే.