బ్లాగుల జాబితా ఇచ్చే టూల్‌కు వివరణ ఎట్ల రాయాలి? ఏఐ ఏజెంట్ ఐడీలు సొంతంగా అల్లుతోంది

మడికొండ డెవ్
ఎంసీపీ సర్వర్ (ఏఐ ఏజెంట్‌కు బయటి టూల్స్ అందించే ప్రోగ్రామ్) ఒకటి రాస్తున్నా. అందులో యూజర్ బ్లాగులన్నీ చూపించే టూల్ ఉంది. వెనకాల గూగుల్ బ్లాగర్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు బ్లాగర్‌తో మాట్లాడే దారి) మూడో వెర్షన్. కోడ్ బానే నడుస్తోంది, వివరణ దగ్గరే పరేషాన్. "యూజర్ బ్లాగుల జాబితా ఇస్తుంది" అని ఒక్క లైన్ పెట్టా. "నా వంటల బ్లాగులో సకినాల పోస్టు పెట్టు" అంటే ఏజెంట్ ఈ టూల్‌ను పిలవనే పిలవదు, ఏదో ఐడీ అల్లేసి పోస్ట్ టూల్‌కు పంపుతోంది. వివరణ ఎంత పొడుగుండాలి? తీసేసిన బ్లాగుల గురించి కూడా రాయాలా? తెలుగులో రాస్తే నడుస్తదా?

కాజీపేట జంక్షన్
ఒక్క లైన్ ఏం సరిపోతది తమ్మీ. నీ రీడ్‌మీ ఫైల్ ఏజెంట్ వెనకున్న మోడల్‌కు కనపడదు. దానికి ముఖ్యంగా అందేది టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏ విలువలు ఏ టైపులో పంపాలో చెప్పేది). ఏం చేస్తదో రాసినవ్, ఎప్పుడు పిలవాలో రాయలేదు. నాదైతే ఇట్ల ఉంటది:
"యూజర్ బ్లాగును పేరుతో చెప్పి, ఐడీ తెలియనప్పుడు ముందు దీన్ని పిలవాలి. ఒక్కో బ్లాగుకు ఐడీ, పేరు, యూఆర్ఎల్ వస్తాయి. పోస్టులు రావు. ఒకే పేరుతో రెండుంటే యూజర్‌నే అడగాలి."
పోస్ట్ టూల్ వివరణలో కూడా ఐడీ ఎక్కడినుంచి తేవాలో రాయి. అక్కడ లేకపోతే ఇక్కడ ఎంత రాసినా దండగ.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్
అవన్నీ తర్వాత. స్కీమాలో ఐడీ టైప్ ఏం పెట్టినవ్? నంబర్ పెడితే ఇప్పుడే స్ట్రింగ్‌కు (అంకెల్ని అక్షరాల్లా దాచే టైప్‌కు) మార్చు. ఈ ఐడీలు 19 అంకెల దాకా పోతాయి. జావాస్క్రిప్ట్‌లో 9007199254740991 దాటినాక చివరి అంకెలకు గ్యారెంటీ లేదు. చూసేవాళ్లకు మోడల్ అల్లినట్టే ఉంటది.

కరీంనగర్ పాతకాపు
మళ్లీ మొదలు. పైథాన్‌లో ఎంత పెద్ద పూర్ణాంకమైనా పడుతుంది. ప్రతిదానికీ స్ట్రింగ్ అనడం ఇప్పటి పిల్లలకు ఫ్యాషన్. నేను ఎక్స్ఎంఎల్-ఆర్‌పీసీ (ప్రోగ్రాములు నెట్‌లో ఒకదాన్నొకటి పిలుచుకునే పాత పద్ధతి) కాలం నుంచి బ్లాగు టూల్స్ రాస్తున్నా. అప్పట్లో గెట్‌యూజర్స్‌బ్లాగ్స్ అని పిలిస్తే జాబితా వచ్చేది, ఏజెంట్లూ లేవు, ఈ లొల్లీ లేదు.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్
ఆ గెట్‌యూజర్స్‌బ్లాగ్స్ ఇచ్చే బ్లాగ్ఐడీ కూడా స్ట్రింగే సార్. మీ కాలం మీరే మర్చిపోతే ఎట్ల? నీ సర్వర్ పైథాన్ అయితే అవతల క్లయింట్ కూడా పైథానే ఉంటదా? ఐడీలతో కూడికలు చేస్తామా, తీసివేతలు చేస్తామా?

కరీంనగర్ పాతకాపు
మాట మర్యాదగా రానీ. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నేరుగా పంపే ఆ పద్ధతిలోనే మేం ప్రొడక్షన్ నడిపినం.

మడికొండ డెవ్
నాది మొదటినుంచీ స్ట్రింగే అన్నా. కొట్లాట ఆపండి.

ఓరుగల్లు రాతలు
నాకు కోడింగ్ రాదు గానీ కూడలి, జల్లెడ లాంటి తెలుగు బ్లాగుల సంకలినుల రోజుల నుంచి బ్లాగు రాస్తున్నా. నా బాధ వేరు. స్నేహితులం కలిసి నడిపే సాహిత్యం బ్లాగులో నేనూ ఒక రచయిత్రిని. ఒక ఏజెంట్ నా ఇంటి ఖర్చుల రాతను తీసుకెళ్లి అందులో పబ్లిష్ చేసేసింది! అందరూ ఫోన్లే ఫోన్లు. నా సొంత బ్లాగేదో, నలుగురిదేదో దానికి ఎవరూ చెప్పరా?

కాజీపేట జంక్షన్
అక్కా, అసలు పాయింట్ మీరే పట్టారు. ఆ జాబితాను పాత్రను బట్టి వడపోయొచ్చు: అడ్మిన్, ఆథర్, రీడర్. డెవ్ తమ్మీ, ప్రతి బ్లాగు పక్కన పాత్ర చూపించు, "ఆథర్ అయితే పోస్ట్ చేసే ముందు యూజర్‌ను అడగాలి" అని వివరణలో రాయి. మామూలుగా లైవ్ బ్లాగులే వస్తాయి, తీసేసినవి కావాలంటే అడ్మిన్ హక్కుండాలి. ఒక ముక్కలో అదీ రాయి.

హన్మకొండ ఫ్రెషర్
యూజర్ ఐడీ దగ్గర 'సెల్ఫ్' (అంటే లాగిన్ అయిన యూజరే) పెడితే నాకు ఎర్రర్ వస్తోంది. ఏపీఐ కీ కరెక్టే.

నయీంనగర్ నైట్‌షిఫ్ట్
కీతో కాదు, సెల్ఫ్ అంటే ఓఆథ్ లాగిన్ (యూజర్ తన ఖాతాతో ఇచ్చే అనుమతి) ఉండాల్సిందే. జాబితాకైతే రీడ్‌ఓన్లీ స్కోప్ (చదివే హక్కు మాత్రమే) చాలు, రాసే హక్కు అడగకు. ఇంకోటి, బ్లాగు వివరణ ఫీల్డ్‌ను ఉన్నదున్నట్టు ఏజెంట్ ముందు పెట్టకండి. "పాత పోస్టులన్నీ డిలీట్ చెయ్" అని అందులో ఎవడైనా రాసిపెడితే, కొన్ని ఏజెంట్లు అది యూజర్ మాటే అనుకుంటాయి.

కరీంనగర్ పాతకాపు
అందుకే ఏజెంట్లే వద్దంటున్నా.

ఓరుగల్లు రాతలు
డిలీట్ అంటే భయమేసింది. నా పాత రాతలన్నీ ముందు దాచుకోవాలంటే ఎట్ల?

మడికొండ డెవ్
సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్లాగ్ కింద బ్యాకప్ కంటెంట్ ఉంటుంది అక్కా. అక్కడినుంచి పోస్టులన్నీ ఫైల్‌గా దించుకోవచ్చు. దాని దగ్గర్లోనే రిమూవ్ యువర్ బ్లాగ్ కూడా ఉంటుంది, చూసి నొక్కండి.