తోడేలు లెక్క: పేపర్లో ఉన్నదా, కాపరి చెప్పినదా?

మారతహళ్ళి మూర్తి:
నిన్న ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన గొడవ ఇది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2020లో ఓటింగు పెట్టి తోడేళ్ళను మళ్ళీ తెచ్చుకోవాలని తేల్చింది. 2023 డిసెంబరులో ఒరెగాన్ నుంచి 10 తోడేళ్ళను తెచ్చి వదిలారు. రాంచ్‌లవాళ్ళు, అంటే పెద్ద పెద్ద మేత భూముల్లో పశువులు పెంచేవాళ్ళు, అప్పటి నుంచి గగ్గోలు. మా టీమ్ కుర్రాడొకడు "పశువులు పోతుంటే కాల్చుకోనివ్వాలిగా" అన్నాడు. ఆధారం ఏదీ అని అడిగాను, నీళ్ళు నమిలాడు. 2014లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీవాళ్ళు మూడు రాష్ట్రాల 25 ఏళ్ళ లెక్కలు తీశారు. తోడేళ్ళను చంపితే మరుసటి ఏడు పశువుల చావులు పెరిగాయే తప్ప తగ్గలేదు. అభిప్రాయాలు అందరికీ ఉంటాయి. లెక్కలున్నవాళ్ళు మాట్లాడండి.

కంబదూరు జీవాలు:
మూర్తన్నా, లెక్కలే కావాలంటే అవే లెక్కలు పెట్టుకొని 2016లో ఇంకొకరు చేసినారు. చంపితే నష్టం తగ్గిందని వచ్చింది. ఇప్పుడు ఏ సైన్సు చెప్తావు?

స్టాటిస్టిక్స్ శీను:
ఇద్దరూ సగమే చెప్పారు. 2014 పరిశోధన పేపర్లోనే, తోడేళ్ళలో 25 శాతం దాటి చంపితే నష్టం తగ్గిందని కూడా ఉంది మూర్తిగారూ, అది మీరు వదిలేశారు. అసలు కిటుకు వేరే ఉంది. ఆ పాతికేళ్ళలో తోడేళ్ళు పెరిగాయి, చంపడం పెరిగింది, పశువుల నష్టమూ పెరిగింది. మూడూ కలిసి పెరిగితే దేనివల్ల ఏది? కాలాన్ని లెక్కలో ఎలా కలిపారన్నదాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది. సర్జాపుర రోడ్డులో ట్యాంకర్లూ పెరిగాయి, నీటి కొరతా పెరిగింది. ట్యాంకర్ల వల్లే కొరత వచ్చిందంటామా?

నిమ్మకాయ సోడా:
అంటాం. ట్యాంకర్ల వల్లే.

స్టాటిస్టిక్స్ శీను:
సోడాగారూ, అది ఉదాహరణ మాత్రమే.

నిమ్మకాయ సోడా:
మా అపార్టుమెంటులో ఉండి చూడండి, ఉదాహరణో కాదో తెలుస్తుంది.

మారతహళ్ళి మూర్తి:
సరే, చంపడం సంగతి పక్కన పెడదాం. పశువులు రోగాలతో, ఈనేటప్పుడు, మంచులో చచ్చేవాటి ముందు తోడేలు తినేవి ఎన్ని? సముద్రంలో కాకిరెట్ట. దానికి ఇంత రచ్చా?

కంబదూరు జీవాలు:
సగటు తీస్తే కాకిరెట్టే. ఆ రెట్ట పడేది మాత్రం మల్లా మల్లా అదే నాలుగు రాంచ్‌ల మీద. మోంటానాలో 18 రాంచ్‌లు తీసుకొని 2014లో వచ్చిన పేపర్ చదువు. తోడేలు చంపిందని రుజువైన రాంచ్‌లో మిగిలిన దూడలు కూడా ఒక్కోటి 22 పౌండ్లు, అంటే 10 కిలోలు తక్కువ తూగినాయి. చావని దూడ నష్టం ఏ లెక్కలో రాస్తారు?

మారతహళ్ళి మూర్తి:
అదే పేపర్లో, తోడేళ్ళు చుట్టుపక్కల తిరిగినంత మాత్రాన బరువు తగ్గలేదనీ ఉంది. నువ్వూ సగమే చెప్పావు. పైగా "రుజువైన" అన్న మాట చూడు. రుజువైతేనే లెక్క. నేను మొదటి నుంచీ చెప్పేది అదే.

కంబదూరు జీవాలు:
రుజువు! ఆ మాట కాడికే రా. మూడేండ్ల కిందట మా రొప్పంలో ఒక్క రాత్రి నాలుగు గొర్రెపిల్లలు పోయినాయి. తోడేలు పిల్లను నోట కరుచుకొని ముళ్ళకంప దాటి ఎత్తుకపోతుంది. పొద్దున మా నాయనకు దొరికింది కంపకు తగులుకున్న పిడికెడు బొచ్చు. దాన్ని టవల్ కొసకు ముడేసుకొని పరిహారం అడగనీకి పోయినాడు. "కళేబరం యాడుంది? అది లేకపోతే పంచనామా లేదు" అన్నారు. ఆ బొచ్చు ఇంకా మా ఇంట్లో గూట్లో ఉండాది.

మారతహళ్ళి మూర్తి:
బాధగానే ఉంది, కానీ ఒక్కరి అనుభవం ఆధారం కాదు. ఊరకుక్కలు అయ్యుండొచ్చుగా? ఆ రాత్రి నువ్వు అక్కడున్నావా?

కంబదూరు జీవాలు:
లేను. బొమ్మనహళ్ళిలో నైట్ షిఫ్టులో ఉన్నా. అయితే? మా నాయన నలభై ఏండ్లుగా జీవాల వెంట తిరిగినోడు. ఏసీలో కూసొని పేపర్లు చదివే నీకు తెలిసింది ఆయనకు తెలీదా? నువ్వు జన్మలో ఒక్క తోడేలునన్నా చూసినావా?

మారతహళ్ళి మూర్తి:
చూశాను. చచ్చినదాన్ని. అందుకే ఇంత మాట్లాడుతున్నా. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఎవరో "నాకు తెలుసు, తోడేలే" అన్నాడు. మర్నాడు చచ్చిన గొర్రెకు గుళికల మందు పట్టించి గట్టు మీద పెట్టారు. తోడేలు చచ్చింది, రెండు గద్దలు చచ్చాయి, మా కుక్క కూడా చచ్చింది. దేశం మొత్తం మీద తోడేళ్ళు దాదాపు 3,100 అని అంచనా. 2022 లెక్కలో పులులు సగటున 3,682. పులికేమో గార్డులు, జీపులు. దీనికి దిక్కెవరు? రుజువు లేకుండా కాపరి మాట చెల్లుబాటు చేస్తే రేపు ఊరూరా గుళికలే.

కంబదూరు జీవాలు:
మందు పెట్టాలని నేనెప్పుడు అంటి? పైకెక్కించి చూడు, ఒక్క చోటన్నా అంటినా? "అదీ బతకాల గదా, దాని పాలు అది తినింది" అంటాడు మా నాయన. ఆయన ఏడ్చింది పిల్లలకు గాదు, "కుక్కేమోలే తాతా" అని నవ్వినందుకు.

స్టాటిస్టిక్స్ శీను:
ఇప్పుడు దారిలో పడ్డారు. ఇదాహోలో దూడలకు రేడియో ట్యాగులు కట్టి చూశారు, 2003లో పేపర్ వచ్చింది. రుజువైన ఒక్కో దూడకు, ఎవరి కంటా పడకుండా తోడేలు పాలైనవి 8 దాకా ఉండొచ్చని తేలింది. అది దట్టమైన కొండ అడవి, అన్ని చోట్లా అంత ఉండదు. కొలరాడోలో ఒక్కో పశువుకు 15,000 డాలర్ల దాకా ఇస్తారు. ఒక చావు రుజువైతే, కనబడకుండా పోయిన దూడల్నీ కొంత లెక్క కట్టి కలుపుతారు. అంటే కళేబరం దొరక్కపోవడం అక్కడ పరిశోధకులకూ తెలిసిన సంగతే.

మారతహళ్ళి మూర్తి:
ఆ 8 సంగతి నాకు తెలియదు. చదువుతా. కానీ ఆ ఒక్కటన్నా రుజువు కావాలిగా?

బసవనగుడి బామ్మ:
మా కన్నడంలో తోళ అంటాం. కొప్పళ దగ్గర బంకాపురలో వాటికని ఒక అభయారణ్యమే పెట్టారు నాయనా. పోట్లాడుకోకండి.

నిమ్మకాయ సోడా:
ట్యాంకర్ల సంగతి తేలలేదు.

కంబదూరు జీవాలు:
మూర్తన్నా, ఇప్పుడే నాయనకు ఫోన్ చేస్తి. ఆ రాత్రి పోయినవి నాలుగు కాదంట, ఐదంట.

మారతహళ్ళి మూర్తి:
చూశావా. మూడేళ్ళలో లెక్క మారింది.

కంబదూరు జీవాలు:
మారలేదప్పా. ఐదోదాన్ని కుక్క పట్టిందంట, తోడేలు లెక్కలో ఎట్లా వేస్తారా అన్నాడు. కుక్క కొరికి ఆన్నే పడేసి పోయింది. ఆ పొద్దు మా రొప్పంలో దొరికిన కళేబరం అదొక్కటే. పరిహారం అడిగేటప్పుడు ఆయన దాని ఊసే ఎత్తలేదంట.